ఫిబ్రవరిలో మాట్లాడాల్సింది జూన్‌లో మాట్లాడితే

అటవీ శాఖకు ఏడాది ఏప్రిల్ ఒకటిన మొదలై మార్చి 31న ముగుస్తుంది. తాడ్వాయి, గంగారం, కొత్తగూడ మండలాల్లో అడవి అంచున బతికేవాళ్ల ఏడాది వేరే తీరులో నడుస్తుంది. శివరాత్రి దాటితే ఆకు రాలుతుంది, హోలీ దగ్గర్నుంచి ఇప్పపువ్వు, ఎండలు ముదిరాక తునికాకు, మిరుగం వచ్చేసరికి దుక్కి, ఆ తర్వాత వాగులు. ఈ రెండు ఏడాదులు ఎక్కడెక్కడ ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయో చూస్తే ఉత్తర తెలంగాణలో అడవి చుట్టూ వచ్చే గొడవల మూలం చాలావరకు అక్కడే దొరుకుతుంది. వాతావరణం అదుపు తప్పుతున్న ఈ రోజుల్లో ఆ లెక్క కుదరకపోతే నష్టం అడవితో ఆగదు, కింద ఉన్న చెరువుల దాకా, ఊళ్ల దాకా వస్తుంది.

‘ప్రజల భాగస్వామ్యం’ అన్న మాట లేని అటవీ పథకం ఉండదు. ఆచరణలో అది చాలాసార్లు ఒక సభ, ఒక ఫ్లెక్సీ, ఒక ఫొటోతో సరి. సభలో చెప్పే విషయం ఊళ్లోవాళ్లకు కొత్తది కూడా కాదు. అడవి కాలితే నష్టమని ఇప్పపువ్వు ఏరుకుని బతికే మనిషికి ఇంకొకరు చెప్పాలా? అంతా తెలిసీ నిప్పు ఎందుకు పెడతారన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

ఇప్పచెట్టు కింద నిప్పు

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చీకటి ఉండగానే బుట్ట పట్టుకుని చెట్టు కిందికి చేరాలి. ఆలస్యమైతే పశువులో, ఎలుగుబంటో ముందే తినిపోతాయి. పువ్వు లేత పసుపు రంగులో, కండపట్టి, గోలీ అంత ఉంటుంది. ఆ రోజుల్లో చెట్టు కింద నేలంతా ఎండుటాకే. ఆకు సందుల్లోకి జారిన పువ్వు కనపడదు. ఒక్కోటి వెతికి తీస్తూ కూర్చుంటే ఎండెక్కిపోతుంది. అందుకని పువ్వు రాలడం మొదలయ్యే ముందే చెట్టు కింద ఆకును అంటించేస్తారు. నేల నల్లగా, నున్నగా అవుతుంది. దాని మీద పడ్డ పువ్వు దూరం నుంచే మెరుస్తుంది. పది నిమిషాల పని. నిప్పు ఆ చెట్టు నీడ దాటకుండా ఆగితే ఎవరికీ ఏమీ కాదు. గాలి తిరిగితే మాత్రం ఎండు గడ్డిని పట్టుకుని గుట్టెక్కుతుంది, ఆ రాత్రికి ఇంకో బీట్‌లో, అంటే ఇంకో అటవీ ఉద్యోగి కాపలా పరిధిలో, తేలుతుంది.

ఈ నిప్పు పెద్ద చెట్లను పెద్దగా చంపదు. ఇవి ఆకురాల్చే అడవులు. టేకు, నల్లమద్ది, ఏగిస లాంటి చెట్లకు బెరడే కవచం. పోయేదల్లా కింద ఉన్నది: మోకాలెత్తు మొలకలు, రాలిన గింజ, నేలను కప్పిన ఆకుపొర. వరసగా నాలుగైదేళ్లు కాలిన చోట చెట్లుంటాయి, వాటి పిల్లలుండవు. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది, ఉపగ్రహం ఫొటోలోనూ అడవి కిందే లెక్క. లోపల మాత్రం ముసలిదైపోతుంటుంది.

ఆకుపొర పోయిన నేల మీద తొలకరి పడితే నీరు ఇంకదు. మట్టిని తోసుకుంటూ వాగులో కలుస్తుంది. గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల చెరువుకు నీళ్లు దిగేది చుట్టూ ఉన్న అడవి గుట్టల నుంచే. రామప్ప, లక్నవరం చెరువులకూ అడవే పైకట్టు. ఆయకట్టు కింద నాటు వేసుకునే రైతుకు మార్చి నెల అడవి నిప్పుతో తనకేం పని అనిపించొచ్చు. పూడిక రూపంలో అది అతని తూము దగ్గరికే వస్తుంది. అడవి ఊళ్లతో సంబంధాల గురించి మాట్లాడేటప్పుడు ఈ దిగువ ఊళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నిజానికి అడవిని కాపాడినందుకు ఎక్కువ లాభపడేది వాళ్లే, దానికి ఏమీ ఖర్చుపెట్టనిదీ వాళ్లే.

నిప్పుకు మారు ఉపాయం కష్టమైందేమీ కాదు. ఆకును ఊడ్చి పక్కకు తోసి అంటించకుండా వదిలేయొచ్చు, లేదంటే చెట్టు కింద వల కట్టొచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో వల మీద పడిన, మట్టి అంటని పువ్వును తినుబండారాల కోసం ఎక్కువ ధరకు కొనే ఏర్పాటు చేశారు. మన దగ్గరే ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. సారాకు పోయే పువ్వు ఎలా ఉన్నా చెల్లుతుంది, లడ్డూకు పోయే పువ్వు శుభ్రంగా ఉండాలి. ఆ ధర తేడా చేతికి అందితే నిప్పు దానంతటదే తగ్గుతుంది. అయితే వల ఫిబ్రవరి నెలాఖరుకు ఊళ్లో ఉండాలి. టెండరు, బిల్లు, గోడౌను అన్నీ దాటుకుని మే నెలలో వచ్చిన వల వడ్లు ఆరబోసుకోవడానికి పనికొస్తుంది.

ఇంకో సంగతి. చాలా గూడేల్లో ఏ ఇప్పచెట్టు కింద ఎవరు ఏరుకోవాలన్నది తాతల నాటి వాడుక. రికార్డులో చెట్టు సర్కారుది, ఊళ్లో ఫలానా ఇంటివాళ్లది. కాబట్టి ఏ చెట్టు కింద ఎవరు నిప్పు పెడతారో, ఎక్కడి నుంచి అది గుట్టకు పాకుతుందో ఊరికి పేరుపేరునా తెలుసు. నిప్పు దాటకుండా ఆకూ గడ్డీ తీసేసే ఫైర్ లైన్ ఎక్కడ తీయాలన్నది ముప్పై ఏళ్లుగా అక్కడ పువ్వు ఏరుతున్న అవ్వను అడిగితే బీట్ మ్యాప్ కంటే ముందే తేలిపోతుంది. అడగడం మాత్రం అరుదు.

ఇప్పుడు నిప్పు సమాచారం ఫోన్‌కు వస్తోంది. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలు పట్టిన వేడి చుక్కలను క్షేత్ర సిబ్బందికి మెసేజ్‌లుగా పంపుతుంది. ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం. మంచి సాధనమే, కాదనలేం. కానీ ఉపగ్రహం తన వేళకే పైనుంచి పోతుంది. అది దాటిపోయాక అంటుకున్న నిప్పు మళ్లీ వచ్చేదాకా దాని కంట పడదు. మెసేజ్ చూసి బైక్ తీసిన బీట్ ఆఫీసర్‌కు సగం దారిలో సిగ్నల్ పోతుంది. పొగను అందరికంటే ముందు చూసేది మేకల కాపరి. అతను ఫోన్ చేస్తాడా చేయడా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

చాలాసార్లు చేయడు. చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ‘నువ్వక్కడ ఏం చేస్తున్నావ్?’ అని. మేకలు అభయారణ్యంలోకి తోలినందుకు నిరుడు జరిమానా రాసిన సారే ఈ ఏడు నిప్పు కనపడితే చెప్పమంటే, చెప్పకుండా ఊరుకోవడమే నయమని అతనికి అనిపించడంలో వింతేముంది? ఏటూరునాగారం, పాకాల రెండూ 1950ల నాటి అభయారణ్యాలు. వాటి లోపలా అంచునా ఉన్న ఊళ్లకు మేత, కట్టె, నడక అన్నీ ఏదో ఒక రూలుకు తగిలేవే. నిప్పు గురించి చెప్పిన మనిషిని ఆ రోజుకు వేరే కేసు అడగకూడదన్న ఒక్క నియమం రేంజ్ స్థాయిలో పెట్టుకుని, నాలుగు వేసవులు మాట తప్పకుండా ఉంటే, ఉపగ్రహం కంటే ముందు ఫోన్లు మోగుతాయి.

ఫైర్ వాచర్లను ఊళ్లోంచే తీసుకోవడం మంచి పద్ధతి. చిక్కల్లా వాళ్ల కూలితో వస్తుంది. అడవి ఎక్కువగా కాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. సర్కారు ఖాతా మూసేది మార్చి 31న. పాత పద్దు మూతపడి కొత్తది తెరుచుకునే సందులో బిల్లు ఇరుక్కుంటే, మండుటెండలో ఆకులు ఊది నిప్పు ఆర్పిన కుర్రాడికి కూలి ఎప్పుడొస్తుందో బీట్ ఆఫీసర్ కూడా చెప్పలేడు. మరుసటి ఏడు ఆ కుర్రాడు పనికి రాడు. వాడు రాలేదంటే ఊరికి అడవి మీద శ్రద్ధ లేదని రిపోర్టులో పడుతుంది.

తునికాకు సొమ్ము

తునికాకు లెక్క ఇంతకంటే పెద్దది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి మొక్కల కొమ్మ కొడతారు. కొట్టిన చోట కొత్త చిగురు వచ్చి, నెలన్నరకు బీడీకి పనికొచ్చే లేత, వెడల్పాటి ఆకు అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కోసి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లానికి తెస్తారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగ్. ఎండాకాలం నాలుగు వారాల్లో ఇల్లంతా కలిసి కోసిన ఆకు డబ్బుతోనే చాలా ఇళ్లలో వానాకాలం విత్తనాలు, ఎరువులు వస్తాయి.

కొమ్మ కొట్టడం కూలి పని, దానికి డబ్బు కావాలి. నిప్పు పెడితే ఖర్చు లేకుండా అదే చిగురొస్తుంది. కాబట్టి కొమ్మకొట్టుడుకు డబ్బు ఆలస్యమైన తునికాకు యూనిట్‌లో (ఆకు వేలం వేసే అటవీ భాగంలో) నిప్పు పెరుగుతుందని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఇక్కడా వేళదే సమస్య. కట్ట రేటు అప్పటికప్పుడు అందుతుంది గానీ, ఆకు వేలంలో వచ్చిన నికర ఆదాయంలోంచి సేకరించినవాళ్లకు రావాల్సిన బోనస్ అలా రాదు. తెలంగాణలో 2016 సీజన్ నుంచి ఆగిన బోనస్ కదలడానికి 2023 దాకా పట్టింది. ఈలోగా కొందరు ముసలివాళ్లు చనిపోయి ఉంటారు, కొందరు ఆడపిల్లలు పెళ్లై వేరే ఊరికి పోయి ఉంటారు, బ్యాంకు ఖాతాలు మూతబడి ఉంటాయి. ఏడేళ్ల తర్వాత వచ్చిన డబ్బును ఎవరూ బోనస్ అనుకోరు. ఎన్నికల ముందు ఇచ్చిన డబ్బు అనుకుంటారు. అడవి బాగుంటే మనకు రెండు రూపాయలు ఎక్కువొస్తాయన్న లంకె అక్కడే తెగిపోతుంది. ఆ లంకె కోసమే కదా ఈ పద్ధతి పెట్టింది!

జూన్‌లోనే ఎందుకు?

పోడు, అంటే అడవి నేలలో సాగు, గొడవల తేదీలు వరసగా చూస్తే ఒకటి తెలుస్తుంది. కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన మహిళా రేంజ్ ఆఫీసర్ మీద కర్రలతో దాడి జరిగింది 2019 జూన్ ఆఖరున. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం కోయపోచగూడెంలో ఆదివాసీ మహిళలు పోడు భూమి విషయంలో జైలుకెళ్లింది 2022 జూన్‌లో. నాగలీ మొక్కా రెండూ ఒకే వాన కోసం కాచుకుని ఉంటాయి. హరితహారం 2015లో మొదలైనప్పటి నుంచీ మొక్క నాటే గడువు తొలకరితోనే ముడిపడింది. పత్తి గింజ పెట్టే గడువూ అదే. అడవి హద్దు మీద కందకం తవ్వడానికి మిషన్ వచ్చేసరికి అవతల దుక్కి అయిపోయి ఉంటుంది. ఆ రోజు మాట్లాడుకోవడానికి ఎవరికీ టైం ఉండదు, ఓపికా ఉండదు. ఒక వైపు విత్తనానికి తెచ్చిన అప్పు, ఇంకో వైపు టార్గెట్, నడుమ మిషన్ డ్రైవర్.

చట్టం ప్రకారం గీత స్పష్టంగానే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీ కుటుంబానికి నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు ఇస్తుంది. తెలంగాణలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టిన పంపిణీలో దాదాపు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలు ప్రకటించారు. చాలా పెద్ద పని, సందేహం లేదు. కానీ పట్టా కాగితం మీద విస్తీర్ణం ఉంటుంది, నేల మీద హద్దు రాయి ఉండదు. ఫోన్‌లో జీపీఎస్ ఐదారు మీటర్లు అటూఇటూ చూపడం మామూలే. సన్నగా పొడుగ్గా ఉన్న చెలకలో ఐదు మీటర్లంటే ఐదు సాళ్ల పత్తి. అంత పోతుందంటే ఎవరైనా కర్ర పడతారు.

ఈ హద్దు నడక జనవరిలో జరగాలి. అప్పటికి పత్తి ఏరడం అయిపోవస్తుంది, నేల కనపడుతుంది, కోపాలు చల్లబడి ఉంటాయి. రైతు, పక్క చెలక రైతు, ఊరి పెద్దమనిషి, బీట్ ఆఫీసర్ నలుగురూ కలిసి నడిచి, మూలమూలకు రాళ్ల కుప్ప పెట్టి, సున్నం కొట్టి, అక్కడికక్కడే నలుగురి సంతకాలతో కాగితం రాసుకోవాలి. ఒక కాపీ రైతు ఇంటి దూలానికి వేలాడే ప్లాస్టిక్ కవర్లోకి పోవాలి. ఏళ్ల తరబడి ఆ ఊళ్లో ప్రతి పట్టా, ప్రతి రేషన్ కార్డు భద్రంగా ఉండేది అలాంటి కవర్లోనే. జూన్‌లో కొత్త ఆఫీసర్ వచ్చి అడిగితే చూపించడానికి అదొక్కటే సాక్ష్యం. ఆఫీసర్లు బదిలీ అవుతారు, హద్దు రాళ్లకు బదిలీ లేదు.

మొక్కల ఎంపిక మీద కూడా ఒక మాట. ఖాళీ జాగాలో టేకు నాటితే ఊరికి వచ్చేదేమీ లేదు: మేత ఉండదు, పండు ఉండదు, ఏరుకునే పువ్వు ఉండదు. ఏం నాటాలని ఊరిని అడిగితే ఇప్ప, తునికి, మొర్రి, ఉసిరి, వెదురు అంటారు. అసలు చాలా చోట్ల నాటక్కర్లేదు. మోడులు బతికే ఉంటాయి. మూడేళ్లు నిప్పు, గొడ్డలి తగలకపోతే వాటంతటవే లేస్తాయి. అయితే మోడు చిగురించడాన్ని టార్గెట్ కాలమ్‌లో రాయడం కష్టం, గుంతలు లెక్కపెట్టడం తేలిక. తెలంగాణ మొత్తం భూభాగంలో 24 శాతం ఉన్న పచ్చదనాన్ని 33కు చేర్చాలన్న లక్ష్యం గుంతల లెక్కతోనే నడిచింది.

అడిగిన తర్వాత చెప్పడం, చెప్పిన తర్వాత అడగడం

కవ్వాల్ పులుల అభయారణ్యం ఏర్పడింది 2012లో. మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు ఆసిఫాబాద్ జిల్లా మీదుగా ఇటు వస్తుంటాయి. ఆ దారిని కాపాడాలన్న ఆలోచన సరైనదే. 2025 మే 30న ప్రభుత్వం జీవో 49 ఇచ్చి ఆ ప్రాంతాన్ని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. జిల్లా అంతటా ఆందోళనలు లేచాయి. జులైలో జీవోను నిలిపివేశారు. రెండు నెలలు కూడా నిలవలేదు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి, కన్జర్వేషన్ రిజర్వ్ అన్నది అభయారణ్యం అంత కఠినమైంది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఏ సెక్షన్ దీన్ని స్థానికులతో సంప్రదించాకే ప్రకటించాలంటుంది. జనం హక్కులు పోవని అధికారులు తర్వాత చెప్పుకుంటూ వచ్చారు. ఆ మాట ముందే గూడెం గూడెంలో చెప్పి ఉంటే ఎంతమంది నమ్మేవారో గానీ, జీవో వచ్చాక చెబితే ఎవరూ నమ్మరు. పైగా పేరు కుమురం భీంది. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయిన మనిషి పేరు. ఆ తిరుగుబాటు అణిచాక గానీ నిజాం ప్రభుత్వానికి గోండుల బాధలేమిటో తెలుసుకురమ్మని మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపాలని తోచలేదు. ముందు ఆర్డరు, తర్వాత విచారణ అన్న అలవాటు ఈ జిల్లాకు కొత్త కాదు, జనం జ్ఞాపకంలో అది పచ్చిగానే ఉంది.

పులి విషయంలో వేళ ఇంకా కచ్చితంగా పనిచేస్తుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టడం అక్కడ బయటపడింది. అదే ఏడాది నవంబర్ 29న కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి చేనుకు వెళ్లిన యువతిని పులి చంపింది. పులి తన వేటను ఒక్క పూటలో ముగించదు, మళ్లీ తినడానికి వస్తుంది. అంటే ఆవును పోగొట్టుకున్న రైతు కోపానికీ, పులి తిరిగి రావడానికీ మధ్య ఉన్నది ఒకటి రెండు రాత్రులు. పరిహారం ఫైలు నెలల తర్వాత ఎంత ఉదారంగా వచ్చినా ఆ రాత్రులకు అది అందదు. కళేబరం దగ్గరికి అదే రోజు మనిషి వెళ్లి, పంచనామా రాసి, ముందుగా కొంత సొమ్ము రైతు చేతిలో పెడితే పులి బతుకుతుంది. 2024 డిసెంబర్‌లో వరంగల్ జిల్లా నల్లబెల్లి వైపు పులి అడుగులు కనిపించినప్పటి నుంచి ఈ టెన్షన్ నర్సంపేట రైతులకూ కొత్తగా మొదలైంది. పులిని తరాలుగా చూడని ఊళ్లలో అది ఇంకా త్వరగా భయంగా, ఆ తర్వాత కోపంగా మారుతుంది.

వాగు ఊరి మీదికి వచ్చిన రాత్రి

2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ నమోదు కాని వాన. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది, జనం డాబాల మీదికీ చెట్ల మీదికీ ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుడిగాలి లాంటి ఈదురుగాలికి ఒక్క పూటలో వేల చెట్లు నేలకొరిగాయి. తొలి అంచనాల్లోనే 500 ఎకరాలు, 50 వేల చెట్లు అన్నారు. మట్టి పొర పలుచన కావడం, వేర్లు లోతుకు దిగకపోవడం కూడా అప్పట్లో చెప్పిన కారణాల్లో ఉన్నాయి.

అంతటి వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. అడవి ఉంటే వరద రాదన్న ప్రచారం తప్పు, అది జనాన్ని మోసం చేసినట్టే. అడవి చేయగలిగింది వరద పైకెక్కే వేగం తగ్గించడం, మామూలు వానల్లో మట్టి కదలకుండా చూడటం, ఎండాకాలం వాగులో ఊట ఉంచడం. మిగతాది మనుషులు చేయాలి, అక్కడే సంబంధాలు పనికొస్తాయి. అడవి లోపల వాగు పొంగడం మొదలైందని ముందు తెలిసేది బేస్ క్యాంపులో ఉన్న వాచర్‌కు, పైన పశువులు కాస్తున్న మనిషికి. ఆ కబురు కింద ఊరికి అరగంట ముందు చేరితే డాబా ఉన్న ఇంటికైనా, బడికైనా చేరుకోవచ్చు. శాఖ దగ్గర వైర్‌లెస్ సెట్లున్నాయి, గూడెంలో సిగ్నల్ ఉండదు. వైర్‌లెస్ కబురు వరదల రోజుల్లో పంచాయతీకి కూడా చేరే పద్ధతి పెట్టడానికి కోట్లు అక్కర్లేదు. కాకపోతే అప్పటిదాకా కేసుల కోసమే కనిపించిన మనిషి ఆ రాత్రి తలుపు కొట్టి ‘లేవండి, వాగు వస్తోంది’ అంటే వెంటనే లేచేంత నమ్మకం ముందే ఉండాలి. అది ఎండాకాలంలో తయారయ్యే నమ్మకం.

పడిపోయిన చెట్ల సంగతి కూడా అంతే. అభయారణ్యంలో పడ్డ కలపను బయటికి తరలించడానికి రూల్స్ ఒప్పుకోవు. అవి ఎండి, వరసగా వచ్చే వేసవుల్లో నిప్పుకు మేతవుతాయి. అక్కడ ఫైర్ లైన్లు ఎక్కడ తీయాలో మేడారం చుట్టుపక్కల గూడేలతో కూర్చుని తేల్చుకోవడం తప్ప దారి లేదు. రెండేళ్లకోసారి కోటి మందికి పైగా వచ్చే జాతరకు వంటచెరకు, పొయ్యిలు, ప్లాస్టిక్ అన్నీ ఆ అడవిలోనే. జాతర ఏర్పాట్ల సమీక్షల్లో రోడ్లు, బస్సుల మీద జరిగినంత చర్చ చుట్టూ ఉన్న చెట్ల మీద జరగదు.

ఎవరితో మాట్లాడాలి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి, 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఇంకో విడత బలం పుంజుకున్నాయి. ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లు చాలా సమితులు నడిచాయి, కొన్ని బాగానే నడిచాయి. డబ్బు ఆగాక బోర్డులు మిగిలాయి. సమితి శాఖ పుట్టించిన సంఘం కాబట్టి శాఖ ఊపిరి ఉన్నంతవరకే ఉంది. తర్వాత అటవీ హక్కుల చట్టం కింద ఊరికి ఇవ్వాల్సిన సామూహిక హక్కు పత్రాలను కూడా గ్రామసభలకు బదులు ఈ సమితుల పేర్ల మీద రాసిన సందర్భాలున్నాయి. చట్టం ఉద్దేశానికి అది పూర్తిగా విరుద్ధం.

చట్టం చెప్పింది గ్రామసభ. సెక్షన్ 5 అడవినీ, వన్యప్రాణులనూ, నీటి వనరులనూ కాపాడే అధికారం దానికే ఇచ్చింది. పట్టాల పంపిణీ ఎప్పుడూ వార్తే, సామూహిక హక్కు గురించి మాత్రం ఎవరూ ఊసెత్తరు. వ్యక్తిగత పట్టా వచ్చిన మనిషికి తన చెలక గట్టు దాకానే శ్రద్ధ ఉంటుంది. గట్టు అవతలి అడవి మీద ఊరికి కాగితం లేకపోతే దాన్ని కాపాడే పని శాఖదే అవుతుంది, శాఖ దగ్గర అంత మంది లేరు. ఈ మాట శాఖలో కింది స్థాయి వాళ్లే ముందు ఒప్పుకుంటారు.

గ్రామసభ అంటే అన్నీ సవ్యంగా జరుగుతాయని కాదు. కోయ గూడెం, లంబాడా తండా, నాయకపోడు వాడ ఒకే పంచాయతీలో ఉన్నచోట ఎవరి మాట చెల్లుతుందన్నది పెద్ద తగాదా. ఆడవాళ్లు పువ్వు ఏరతారు, ఆకు కోస్తారు, సభలో వెనక వరసలో కూర్చుంటారు. నిప్పు గురించి అడగాల్సింది వాళ్లనైతే సంతకం పెట్టేది ఇంకొకరు.

ఈ లెక్కలో అసలు కనపడనివాళ్లు కూడా ఉన్నారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా లేచిన సల్వాజుడుం గొడవల నుంచి తప్పించుకుని గోదావరి దాటి వచ్చిన గుత్తికోయలకు తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేదు. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో వాళ్ల గుడిసెలు కూల్చిన వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ప్లాంటేషన్ దగ్గర ఇద్దరు గుత్తికోయల చేతుల్లో రేంజ్ ఆఫీసర్ హత్య జరిగాక రెండు వైపులా భయం పెరిగింది. ఆ హత్యకు ఏ సమర్థనా ఉండదు. ఆ తర్వాత మొత్తం జాతినే నేరస్తులుగా చూడటానికీ ఉండదు.

గుత్తికోయలకు భూమి హక్కు ఇవ్వాలా వద్దా అన్నది కోర్టులు, ప్రభుత్వాలు తేల్చాలి, ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. అడవి నడిమధ్యన ఉండేది, నిప్పునూ వరదనూ అందరికంటే ముందు చూసేదీ మాత్రం వాళ్లే. వేసవిలో ఇద్దరు కుర్రాళ్లను ఫైర్ వాచర్లుగా పెట్టుకోవడానికి, వాన హెచ్చరికను వాళ్ల మాటలో చెప్పించడానికి ఆ తీర్పు కోసం ఆగక్కర్లేదు. ఆశా కార్యకర్తలు టీకాల డబ్బా పట్టుకుని వాగులు దాటి ఆ గుంపులకు ఇప్పటికే నడిచి వెళ్తున్నారు. వాళ్లకు దారులు తెలుసు, ఇళ్లు తెలుసు, ఏ గుంపులో ఎవరి మాట వింటారో తెలుసు. ఫిబ్రవరిలో ఫైర్ లైన్ పని మొదలుపెట్టే రేంజ్ ఆఫీసర్ ముందుగా మాట్లాడాల్సింది ఆ ఆశా కార్యకర్తలతోనే.